ప్రొపెల్లర్‌కు దెబ్బ తగిలితే ఇంజన్‌ను ఎందుకు విప్పాలి?

(హనుమకొండలో ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ విద్యార్థులు, వర్క్‌షాపు నిపుణులు హాజరైన సభలో ఒక విమాన నిర్వహణ ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చిన విద్యార్థులకు, వారి అధ్యాపకులకు, కాజీపేట లోకో షెడ్డులోను సింగరేణి వర్క్‌షాపుల్లోను జీవితమంతా యంత్రాలతో గడిపిన పెద్దలకు నా వందనాలు. మామునూరు విమానాశ్రయం గురించి మన వరంగల్‌లో మళ్లీ ఆశగా మాట్లాడుకుంటున్న రోజులివి. నిజాం కాలంలో ఏర్పడి, తర్వాత దశాబ్దాల పాటు ప్రయాణికుల విమానాలు లేక ఖాళీగా పడి ఉన్న ఆ రన్‌వేను పునరుద్ధరించడానికి 2025 ఫిబ్రవరి 28న కేంద్ర పౌర విమానయాన శాఖ అనుమతి ఇచ్చింది. విమానాశ్రయం అనగానే అందరి దృష్టి టెర్మినల్ మీదకు, ఏ ఊరికి విమానం దొరుకుతుందన్న విషయం మీదకు పోవడం సహజం. దిగిన విమానాన్ని చూసుకునే చేతులు కూడా ఈ నేలవే కావాలని కోరుకునేవాళ్లలో నేనొకణ్ని. అందుకని విమానయానం మొత్తం గురించి పైపైన చెప్పకుండా, ఒకే ఒక్క పనిని తీసుకుని దాని లోతు వరకు మీతో కలిసి వెళ్లాలని వచ్చాను. ఒక చిన్న విమానం ప్రొపెల్లర్ దేనికైనా తగిలింది. దాని రెక్క, అంటే బ్లేడు, వంగింది (ఈ ప్రసంగంలో రెక్క అన్నచోటల్లా ప్రొపెల్లర్ బ్లేడే, విమానం రెక్క కాదు). ఆ తర్వాత ఇంజన్‌ను ఏం చేయాలి?

నా సమాధానం ముందే చెబుతాను. ఇంజన్‌ను విమానం నుంచి దించి, పూర్తిగా విప్పి, ప్రతి తిరిగే భాగాన్నీ పరీక్షించాలి. దెబ్బ తిన్న తర్వాత ఇంజన్ మళ్లీ స్టార్ట్ అయిందా, నున్నగా నడిచిందా, షేక్ వచ్చిందా లేదా అనే వాటిని బట్టి ఈ నిర్ణయం తీసుకోకూడదు. ఏం జరిగిందన్న ఒక్కదాన్ని బట్టే తీసుకోవాలి. ఈ మాట వినడానికి కఠినంగా ఉంటుందని, విమానం యజమానికి లక్షల ఖర్చు అని నాకు తెలుసు. ఎందుకు ఇంత పట్టుదలగా చెబుతున్నానో వివరించడానికే ఈ ఉపన్యాసం.

ముందుగా దెబ్బ అంటే ఏమిటో తేల్చుకుందాం. రన్‌వే మీద రెక్క గీసుకుని ఇంజన్ ఠక్కున ఆగిపోతే అది దెబ్బేనని అందరూ ఒప్పుకుంటారు. కానీ అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ 2004లో లైకమింగ్ కంపెనీ ఇంజన్ల కోసం జారీ చేసిన 2004-10-14 నంబరు ఎయిర్‌వర్తీనెస్ డైరెక్టివ్‌లో, అంటే తప్పనిసరిగా పాటించవలసిన భద్రతా ఆదేశంలో, నిర్వచనం ఇంతకంటే చాలా విశాలంగా ఉంది. అసలు ఆ నిర్వచనం మారడమే ఆ డైరెక్టివ్ రావడానికి కారణం. ఇంజన్ నడుస్తున్నా నడవకపోయినా, రెక్క అంచును కాస్త ఆకురాయి పట్టి సరిచేసుకునే చిన్న పనిని మించిన మరమ్మతు ప్రొపెల్లర్‌కు అవసరమయ్యే ఏ ఘటనైనా దెబ్బ కిందికే వస్తుంది. నడుస్తున్న ప్రొపెల్లర్ గట్టి వస్తువుకు తగిలి వేగం పడిపోయి, రెక్కకు నిర్మాణపరమైన మరమ్మతు కావలసి వస్తే అది దెబ్బే. నీళ్లకో, ఎత్తుగా పెరిగిన గడ్డికో తగిలి ఇంజన్ వేగం ఒక్కసారిగా పడిపోతే, రెక్క మీద గీత కూడా పడకపోయినా సరే, అదీ దెబ్బే. నిలిపి ఉన్న విమానం ముందు చక్రం కూలి రెక్క బాగా వంగినా, హ్యాంగర్ తలుపు వచ్చి రెక్కను కొట్టినా అంతే. రెక్క లోహానిదా, కర్రదా అనే భేదం ఆ నిర్వచనంలో ఎక్కడా లేదు. కర్ర రెక్క విరిగిపోయి బలాన్ని తనలోనే ఇముడ్చుకుంటుంది కాబట్టి ఇంజన్‌కు ఏమీ కాదని కొందరు గట్టిగా నమ్ముతారు. విరిగే లోపల ఎంత బలం క్రాంక్‌షాఫ్ట్‌కు, అంటే పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసుకు, చేరిందో విరిగిన ముక్కను చూసి ఎవరూ చెప్పలేరు.

గడ్డి గురించి ఒక మాట. మన ప్రాంతంలో వానాకాలం తర్వాత వాడకంలో లేని ఎయిర్‌స్ట్రిప్పుల అంచున గడ్డి నడుము ఎత్తు పెరుగుతుంది. నల్లరేగడి అయితే వానకు ముద్దయి, రన్‌వే అంచు దాటిన ముందు చక్రాన్ని ఇరుసు దాకా మింగేస్తుంది. ముక్కు కిందికి వంగిన మరుక్షణం రెక్క నేలను తవ్వుతుంది. ముందు చక్రం ఉన్న చిన్న విమానాలకు ప్రొపెల్లర్ కొసకూ నేలకూ మధ్య కనీసం 7 అంగుళాలు, తోక చక్రం ఉన్నవాటికి 9 అంగుళాలు ఖాళీ ఉండాలని అమెరికా డిజైన్ నిబంధనలు చాలాకాలం అడిగాయి. 7 అంగుళాలంటే జానెడు కూడా సరిగ్గా లేదు. టైరులో గాలి తగ్గినా, ముందు కాలు స్ట్రట్ కుంగినా ఆ జానెడు ఇంకా తగ్గుతుంది. కాబట్టి ఈ దెబ్బలు ఎంతో అరుదైన విషయమని అనుకోకండి.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. శిక్షణ విమానాల్లో బాగా తెలిసిన సెస్నా 172ఎస్‌ను తీసుకుందాం. దాని లైకమింగ్ ఇంజన్ 2700 ఆర్‌పీఎం దగ్గర 180 హార్స్‌పవర్ ఇస్తుంది. ప్రొపెల్లర్ వ్యాసం 76 అంగుళాలు. లెక్క వేస్తే రెక్క కొస సెకనుకు సుమారు 270 మీటర్లు, అంటే గంటకు దాదాపు 980 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటుంది. ఆ వేగంలో ఒక పూర్తి చుట్టుకు పట్టే కాలం 22 మిల్లీసెకన్లు. రెక్క నేలకు గుచ్చుకుని అర చుట్టులో ఆగిందంటే, వేగం తగ్గుతూ ఆగడాన్ని లెక్కలోకి తీసుకున్నా, సుమారు 22 మిల్లీసెకన్లలో మొత్తం తిరుగుడు ఆగిందన్నమాట. మామూలుగా ఈ క్రాంక్‌షాఫ్ట్ మోసే సగటు మెలి బలం సుమారు 475 న్యూటన్ మీటర్లు. ఆగే క్షణంలో మాత్రం ఇంజన్ లోపల తిరుగుతున్న క్రాంక్‌షాఫ్ట్, దాని తూకపు దిమ్మలు, గేర్లు, స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పుట్టించే మ్యాగ్నెటోల అయస్కాంతాలు అన్నీ ముందుకు తిరగాలని చూస్తాయి. ముందున్న ఫ్లాంజ్, అంటే ప్రొపెల్లర్‌ను బిగించే పళ్లెం లాంటి కొస, మాత్రం ఆగిపోయి ఉంటుంది. పైగా ఇది మెలి ఒక్కటే కాదు. రెక్క ఒక పక్క మాత్రమే తగులుతుంది కాబట్టి, ముందు బేరింగ్ దాటి బయటికి పొడుచుకు వచ్చిన షాఫ్ట్ ముక్కను పక్కకు వంచే బలం కూడా పడుతుంది. నిలిపి ఉన్న విమానానికి తలుపు తగిలినా దెబ్బ కిందే లెక్క కట్టడానికి కారణం ఈ పక్కవాటు బలమే.

ఇక్కడ మన రైతుకు బాగా తెలిసిన ఒక సంగతి గుర్తు చేస్తాను. పత్తి చేనులో రోటవేటర్ తిరుగుతూ తిరుగుతూ పెద్ద రాయికి తగిలితే ఏమవుతుంది? పీటీఓ షాఫ్ట్ దగ్గర ఉండే షియర్ బోల్టు తెగిపోతుంది, లేదా క్లచ్ జారుతుంది. చిన్న బోల్టు తెగి ట్రాక్టర్ గేర్‌బాక్సును కాపాడుతుంది. రైతు కొత్త బోల్టు వేసుకుని మళ్లీ దున్నుకుంటాడు. లైకమింగ్, కాంటినెంటల్ వంటి నేరుగా నడిపే ఇంజన్లలో ప్రొపెల్లర్‌కూ క్రాంక్‌షాఫ్ట్‌కూ మధ్య అలాంటి బోల్టు లేదు, క్లచ్ లేదు. ప్రొపెల్లర్‌ను క్రాంక్‌షాఫ్ట్ ఫ్లాంజ్‌కే బిగిస్తారు. గాలిలో ఉండగా తెగిపోయే వీలున్న బోల్టును డిజైనర్ పెట్టలేడు కదా. అందువల్ల రెక్క మీద పడిన దెబ్బ అంతా ఇంజన్ గుండెకే చేరుతుంది.

క్రాంక్‌షాఫ్ట్ ఉక్కు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు కీలకం అక్కడే ఉంది. ఈ షాఫ్ట్‌లను సాధారణంగా నికెల్, క్రోమియం, మాలిబ్డినం కలిసిన బలమైన ఉక్కుతో తయారు చేసి, బేరింగులు తిరిగే జర్నల్స్ అరిగిపోకుండా నైట్రైడింగ్ చేస్తారు. అమ్మోనియా వాయువులో చాలా గంటలు వేడి చేస్తే నైట్రోజన్ పైపొరలోకి దిగి, మిల్లీమీటరులో కొన్ని పదో వంతుల మందాన ఎంతో గట్టి పొర ఏర్పడుతుంది. లోపలి ఉక్కు సాగే గుణం కలది. పైపొర గట్టిది, కానీ పెళుసు. షాఫ్ట్ ఒక్క క్షణం వంగి తిరిగి నిటారు అయిందనుకోండి. లోపలి ఉక్కు ఆ వంపును భరించి యథాస్థితికి వస్తుంది, పైపొర మాత్రం సన్నగా పగులుతుంది. ఆ పగులు జర్నల్‌కూ, దాని పక్కనుండే అడ్డ భాగమైన చెంపకూ మధ్య ఉండే వంపు మూలలో, అంటే ఫిల్లెట్ దగ్గర పుడుతుంది. అక్కడే ప్రతి పవర్ స్ట్రోక్‌లో ఒత్తిడి ఎక్కువగా చేరుతుంది.

ఆ తర్వాత కథ నెమ్మదిగా నడుస్తుంది. 2400 ఆర్‌పీఎం దగ్గర ఒక గంట ఎగిరితే 1,44,000 చుట్లు. నాలుగు సిలిండర్ల ఇంజన్ కాబట్టి 2,88,000 పవర్ స్ట్రోకులు. పది గంటలకు ఆ సంఖ్య 28 లక్షలు దాటుతుంది. ఒక్కో స్ట్రోక్ పగులును కంటికి కనిపించనంత కొంచెం ముందుకు నెడుతుంది. ఇంజన్ నున్నగానే నడుస్తుంటుంది. ఆయిల్ ప్రెషర్ సరిగ్గానే ఉంటుంది. దెబ్బ తగిలిన సంగతి తెలిసిన పైలట్ ఆ విమానాన్ని నడపడం మానేసి ఉండవచ్చు, యజమానులు మారి ఉండవచ్చు. ఒకరోజు మిగిలిన ఉక్కు మోయలేక షాఫ్ట్ తెగుతుంది. ఆ రోజు ఆ విమానంలో ఉండేవాళ్లకు పాత దెబ్బ సంగతే తెలియకపోవచ్చు. నన్ను ఈ విషయంలో ఎప్పుడూ కలవరపెట్టేది ఇదే: తప్పు ఒకరిది, మూల్యం మరొకరిది.

ఇప్పుడు విప్పకుండా సరిపెట్టుకుందామనేవారు చూపించే పరీక్షలను ఒక్కొక్కటిగా చూద్దాం. కంప్రెషన్ పరీక్ష చేశాం, నాలుగు సిలిండర్లూ బాగున్నాయి అంటారు. ఆ పరీక్ష పిస్టన్ రింగులు, వాల్వులు గాలిని పట్టి ఉంచుతున్నాయా అని మాత్రమే చెబుతుంది. సన్నని గొట్టం లాంటి కెమెరా, అంటే బోరోస్కోప్, పెట్టి చూశాం అంటారు. అది సిలిండర్ గోడనూ, వాల్వు తలనూ చూపిస్తుంది. క్రాంక్‌షాఫ్ట్ ఫిల్లెట్‌ను చూపించదు. ఆయిల్ ఫిల్టరు కోసి చూశాం, లోహపు రజను లేదంటారు. పగులు రజనును రాల్చదు. అన్నిటికంటే ఎక్కువ నమ్మకం పెట్టుకునేది డయల్ గేజ్ మీద. ప్రొపెల్లర్ విప్పి, ఫ్లాంజ్ అంచుకు డయల్ గేజ్ ఆనించి షాఫ్ట్‌ను మెల్లగా తిప్పితే ముల్లు ఎంత ఊగుతుందో చూస్తారు. లోకో షెడ్డు నుంచి వచ్చిన పెద్దలకు డయల్ గేజ్ విలువ నేను చెప్పక్కర్లేదు. ఆ పరీక్ష తప్పక చేయాలి, ముల్లు పరిమితి దాటితే షాఫ్ట్ వంగిందని నిశ్చయంగా చెప్పవచ్చు. ముల్లు కదలకపోతే మాత్రం షాఫ్ట్ ఇప్పుడు నిటారుగా ఉందని మాత్రమే తెలుస్తుంది. ఆ క్షణంలో వంగి తిరిగి వచ్చిందా, వచ్చేటప్పుడు పైపొర పగిలిందా అన్నది ఏ డయల్ గేజూ చెప్పలేదు. అది దోషాన్ని పట్టగలదు, నిర్దోషమని తీర్పు ఇవ్వలేదు.

దెబ్బ తగిలిన చోట చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. అందరూ క్షేమంగా దిగిన తర్వాత మ్యాగ్నెటో స్విచ్చులు, ఫ్యూయల్ వాల్వు ఆపి, తాళంచెవి తీసేయాలి. ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పి చూడవద్దు. దెబ్బకు మ్యాగ్నెటో గ్రౌండ్ తీగ తెగి ఉంటే స్విచ్చు ఆపి ఉన్నా సిలిండర్‌లో ఇంధనం ఒక్కసారి అంటుకుని రెక్క తిరిగి చేతిని నరికేయగలదు. రెక్కలను అన్ని వైపుల నుంచి ఫోటోలు తీయాలి. రెక్క కొసలు ముందుకు ముడుచుకుని ఉంటే సాధారణంగా ఇంజన్ బలంగా లాగుతుండగా తగిలిందని, వెనక్కి మాత్రమే వంగి ఉంటే తక్కువ పవర్‌లో తగిలిందని అనుమానించవచ్చు. రన్‌వే మీద వరుసగా పడిన కోతల మధ్య దూరం కొలవడం మరవద్దు. రెండు రెక్కల ప్రొపెల్లర్ 2400 ఆర్‌పీఎంతో తిరుగుతుంటే సెకనుకు 80 కోతలు పడతాయి. కోతకూ కోతకూ మధ్య 30 సెంటీమీటర్లు ఉంటే విమానం సెకనుకు 24 మీటర్ల వేగంతో కదులుతోందని లెక్క తేలుతుంది. ఆర్‌పీఎం తెలిస్తే నేల వేగం, నేల వేగం తెలిస్తే ఆర్‌పీఎం. ప్రమాదాలను పరిశోధించేవారు వాడే పద్ధతి ఇది. మన ఇంజన్ ఎంత బలమైన దెబ్బ తిన్నదో అంచనా వేయడానికి కూడా ఇదే మొదటి ఆధారం.

ఇక ఇంజన్ బల్ల మీదకు వచ్చింది. విప్పే ముందు, విప్పుతూ ఉండగా, కడగక ముందే చూడవలసినవి ఉన్నాయి. యువ మెకానిక్కులకు నా మొదటి విన్నపం ఇదే. మురికి ఇంజన్ కనిపించగానే డీజిల్ పోసి కడిగేయాలనిపిస్తుంది. కానీ బేరింగ్ షెల్ (జర్నల్ చుట్టూ ఉండే పలుచని లోహపు పొర) మీద అరుగుదల ఏ వైపు ఉందో, క్రాంక్‌కేస్‌లో షెల్ కూర్చునే చోట నల్లటి లేదా ఎర్రటి పొడి ఉందో లేదో కడగక ముందే కనిపిస్తుంది. షెల్ తన గూటిలో కదిలి ఉంటే అక్కడ రాపిడి గుర్తు ఉంటుంది. షెల్‌ను పట్టి ఉంచే చిన్న నాలుక వంగి ఉంటుంది, లేదా డోవెల్ రంధ్రం సాగి ఉంటుంది. ముందు బేరింగ్ ఒక అంచున పై భాగంలోను, రెండో అంచున కింది భాగంలోను ఎక్కువగా నొక్కుకుని ఉంటే షాఫ్ట్ వంగి తిరిగిందన్నమాట. ఇవన్నీ రాసుకుని, ఫోటోలు తీసుకున్నాకే కడగాలి.

తర్వాత క్రాంక్‌షాఫ్ట్‌కు అయస్కాంత కణ పరీక్ష. మన రైల్వేలోను, గనుల వర్క్‌షాపుల్లోను ఉక్కు భాగాలకు ఈ పరీక్ష చేసినవారు ఈ సభలో ఉండవచ్చు. షాఫ్ట్‌ను మచ్చలేకుండా శుభ్రం చేసి, లోపలి ఆయిల్ దారులను మూసి, దాని పొడవునా కరెంటు పంపితే చుట్టూ వలయంగా అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. పొడవు వెంబడి ఉన్న పగుళ్లు దీనికి దొరుకుతాయి. తర్వాత తీగచుట్టలో పెట్టి పొడవు దిశలో అయస్కాంతీకరిస్తే అడ్డంగా ఉన్న పగుళ్లు దొరుకుతాయి. వంగుడు వల్ల ఫిల్లెట్‌లో పుట్టే పగులు అడ్డంగా ఉంటుంది కాబట్టి రెండో దశను ఏ కారణంతోనూ వదలకూడదు. అతినీలలోహిత కాంతిలో మెరిసే సన్నని ఇనుప కణాలు కలిపిన ద్రవాన్ని షాఫ్ట్ మీద పోస్తారు. పగులు ఉన్నచోట అయస్కాంత క్షేత్రం బయటికి తొంగిచూస్తుంది, కణాలు అక్కడ చేరి పచ్చటి గీతగా వెలుగుతాయి. గది చీకటిగా ఉండాలి, కళ్లు ఆ చీకటికి అలవాటు పడాలి. దీపం కాంతి భాగం మీద చదరపు సెంటీమీటరుకు కనీసం 1000 మైక్రోవాట్లు ఉందని మీటరుతో కొలుచుకోవాలి. ట్యూబ్‌లైట్ వెలుగులో, తలుపు తెరిచి పెట్టి చేసిన పరీక్షను నేను పరీక్షగా ఒప్పుకోను.

ఇందులో రెండు జాగ్రత్తలు పుస్తకాల్లో చిన్న అక్షరాల్లో ఉంటాయి, పనిలో మాత్రం చాలా పెద్దవి. కరెంటు పంపే చోట పట్టు సరిగ్గా లేకపోతే నిప్పురవ్వ పుట్టి జర్నల్ కాలుతుంది. ఆ కాలిన చుక్క కొత్త పగులుకు పుట్టిల్లు అవుతుంది, మంచి షాఫ్ట్‌ను మన చేతులతో మనమే పాడు చేసినట్టు. రెండోది, పరీక్ష అయ్యాక షాఫ్ట్‌లోని అయస్కాంతత్వాన్ని పూర్తిగా తొలగించాలి. లేకపోతే ఆయిల్‌లో తిరిగే ఉక్కు రజను జర్నల్స్‌కు అంటుకుని కొత్త బేరింగులను తింటుంది. పరీక్ష ద్రవం ఆయిల్ దారుల్లో మిగలకుండా కడగడం కూడా దీనిలో భాగమే.

క్రాంక్‌షాఫ్ట్ వెనక కొసకు వస్తున్నాను. లైకమింగ్ ఇంజన్లలో అక్కడ ఒక గేరు ఉంటుంది. చూడటానికి చిన్నదే. క్యామ్‌షాఫ్ట్, మ్యాగ్నెటోలు, ఆయిల్ పంపు, ఇతర పరికరాలన్నీ ఆ గేరు నుంచే కదులుతాయి. ఆ గేరును షాఫ్ట్‌కు పట్టి ఉంచేది ఒకే ఒక్క బోల్టు, దానికి తోడు తిరిగిపోకుండా చూసే చిన్న డోవెల్ పిన్. ముందు ప్రొపెల్లర్ ఆగిన క్షణంలో వెనక గేర్ల వరుస మొత్తం ముందుకు దూకబోతుంది, ఆ బలమంతా ఆ వేలంత పిన్ మీద, ఆ బోల్టు మీద పడుతుంది. పిన్ సగం తెగి, బోల్టు కాస్త సాగి, గేరు గూటిలో వెంట్రుకవాసి వదులైతే చాలు. అప్పటి నుంచి ప్రతి చుట్టులో గేరు ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. చివరికి పిన్ తెగిన నిమిషాన వాల్వులూ ఆగుతాయి, రెండు మ్యాగ్నెటోలూ ఆగుతాయి. విమానంలో రెండు మ్యాగ్నెటోలు పెట్టేది ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుందని. ఇక్కడ రెండింటికీ తల్లివేరు ఒక్కటే. అందుకే నేను ముందు చెప్పిన 2004 డైరెక్టివ్, దాదాపు అన్ని లైకమింగ్ డైరెక్ట్ డ్రైవ్ ఇంజన్లకూ, దెబ్బ తర్వాత మళ్లీ ఎగరక ముందే ఆ గేరును, షాఫ్ట్ గూటిని, డోవెల్‌ను, మరలను లైకమింగ్ వారి సర్వీస్ బులెటిన్ (తయారీదారు జారీ చేసే సాంకేతిక సూచన పత్రం) 475 ప్రకారం పరీక్షించాలని, పాత బోల్టును, లాక్ ప్లేటును పారేసి కొత్తవి వేయాలని శాసించింది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, దాన్ని దాచకుండా చెప్పాలి. ఆ డైరెక్టివ్ తప్పనిసరి చేసింది వెనక గేరు పరీక్షను. ఇంజన్ మొత్తం విప్పి చూడమన్నది లైకమింగ్ వారి సర్వీస్ బులెటిన్ 533. కాంటినెంటల్ వారి 96-11 బులెటిన్ కూడా అదే చెబుతుంది. గేరు పరీక్షను ఇంజన్ వెనక మూత లాంటి యాక్సెసరీ హౌసింగ్ విప్పి, ఇంజన్‌ను విమానం మీద ఉంచే చేయవచ్చు. చట్టం అడిగింది అంతే కదా అని అక్కడితో ఆపే అవకాశం కొన్ని సందర్భాల్లో కాగితం మీద ఉంటుంది. నేను ఆ దారిని సమర్థించను. వెనక కొసలో బోల్టును సాగదీసిన బలం ముందు కొసలో ఫిల్లెట్ మీదుగానే ప్రయాణించింది. ఒక కొసను చూసి రెండో కొసను వదిలేయడానికి యంత్రశాస్త్రంలో ఆధారం నాకు కనిపించదు.

మిగతా భాగాల గురించి త్వరగా చెబుతాను. కనెక్టింగ్ రాడ్‌లకు వంపు, మెలి కొలిచి, అయస్కాంత కణ పరీక్ష చేయాలి. వాటి బోల్టులు, నట్లు ఎంత బాగున్నట్టు కనిపించినా కొత్తవే వేయాలి. గేర్ల పళ్లను భూతద్దం కింద చూడాలి. కొన్ని ఇంజన్లలో క్రాంక్‌షాఫ్ట్‌కు వేలాడే తూకపు దిమ్మలు ఉంటాయి. వాటి పిన్నులు, బుషింగులు నొక్కుకుపోయి ఉంటాయి కాబట్టి విడిగా పరీక్షించాలి. క్రాంక్‌కేస్ అల్యూమినియం, దానికి అయస్కాంతం పనిచేయదు. రంగు చొచ్చుకుపోయే డై పెనెట్రెంట్‌తో ముందు బేరింగ్ చుట్టూ, బోల్టు రంధ్రాల చుట్టూ చూడాలి. మ్యాగ్నెటోలు, ప్రొపెల్లర్ గవర్నర్ వాటి వాటి షాపులకు వెళ్లాలి. ఇంజన్ మౌంట్ గొట్టాల వెల్డింగులు, రబ్బరు దిండ్లు మరవద్దు. ఇంజన్ ఆగిన కుదుపు అక్కడికీ చేరింది. ప్రొపెల్లర్ సంగతి అనుమతి పొందిన ప్రొపెల్లర్ షాపు తేలుస్తుంది. దాన్ని సుత్తితో నిటారు చేసే ప్రయత్నం ఎవరూ చేయకూడదు.

మన దేశంలో రెండు సీట్ల తేలికపాటి విమానాలు, మైక్రోలైట్లలో రోటాక్స్ 912 తరహా ఇంజన్లు ఎక్కువగా కనిపిస్తాయి. వాటిలో ప్రొపెల్లర్ నేరుగా క్రాంక్‌షాఫ్ట్‌కు ఉండదు, 912 యూఎల్‌ఎస్ రకంలో 2.43కు 1 నిష్పత్తి గల గేర్‌బాక్స్ మధ్యలో ఉంటుంది. కొన్నింటిలో బలం మించితే జారే క్లచ్ కూడా ఉంటుంది. రోటవేటర్ బోల్టు చేసే పనిని ఇక్కడ అది కొంతవరకు చేస్తుంది. అయినా నిశ్చింత లేదు. ఈ క్రాంక్‌షాఫ్ట్‌ను ముక్కలుగా చేసి ఒత్తిడితో బిగించి కూర్చుతారు, కాబట్టి దెబ్బకు ఒక ముక్క మరో ముక్క మీద తిరిగి మెలిపడే ప్రమాదం ఉంది. గేర్‌బాక్సును విప్పడం, క్రాంక్‌షాఫ్ట్ కొసలో ఊగుడు కొలవడం తయారీదారు చెప్పిన క్రమంలో జరగాలి.

అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలి, కొత్త బేరింగులు, సీల్స్, బోల్టులతో ఇంజన్‌ను మళ్లీ కూర్చిన తర్వాత నేల మీద నడిపి ఆయిల్ ప్రెషర్, ఉష్ణోగ్రత, మ్యాగ్నెటో డ్రాప్ (ఒక్కో మ్యాగ్నెటోను ఆపితే ఆర్‌పీఎం ఎంత పడిపోతుందో) చూస్తారు. మొదటి 25 గంటలకు ఆయిల్, ఫిల్టరు మార్చి ఫిల్టరును కోసి చూడటం మంచి అలవాటు.

చట్టం సంగతి కొంచెం. మన దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, ఇంజన్‌ను డిజైన్ చేసిన దేశం జారీ చేసిన డైరెక్టివ్‌లను ఇక్కడ కూడా అమలు చేయమంటుంది. పిస్టన్ ఇంజన్ విమానాల మీద సంతకం చేయాలంటే సాధారణంగా బీ1.2 వర్గం లైసెన్సు కావాలి. ఈ రంగంలోకి రావాలనుకునే విద్యార్థులు ఆ వర్గాన్ని గుర్తుంచుకోండి. ఇంకొక విషయం. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ అనుబంధం 13లో, ఎవరికీ గాయాలు కాకుండా నష్టం ఒక ఇంజన్‌కో, ప్రొపెల్లర్‌కో పరిమితమైతే దాన్ని ప్రమాదంగా లెక్కించరు. ఆ వర్గీకరణ పరిశోధన ఎవరు చేయాలో తేల్చడానికి ఉద్దేశించినది. దాన్ని పట్టుకుని, ప్రమాదం కాలేదు కాబట్టి ఇంజన్ బాగానే ఉందని వాదించడం విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. క్రాంక్‌షాఫ్ట్‌కు వర్గీకరణలు తెలియవు.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

(ఒక విద్యార్థి: సార్, ఇంజన్ విప్పి పరీక్షించారంటే అది ఓవర్‌హాల్ అయినట్టేనా?)

కాదు, తమ్ముడూ. విప్పి చూడటం వేరు, ఓవర్‌హాల్ వేరు. ఓవర్‌హాల్‌లో ప్రతి భాగాన్నీ కొలిచి, తయారీదారు నిర్ణయించిన పరిమితుల్లోకి తేవాలి, తప్పనిసరిగా మార్చవలసిన జాబితా మొత్తం మార్చాలి. దెబ్బ పరీక్ష తర్వాత ఇంజన్ గంటల లెక్క ఆగిన చోటు నుంచే కొనసాగుతుంది. లైకమింగ్ ఓ-360 వంటి ఇంజన్లకు సిఫారసు చేసిన ఓవర్‌హాల్ గడువు సాధారణంగా 2000 గంటలు. అప్పటికే 1700, 1800 గంటలు నడిచిన ఇంజన్ అయితే, ఎలాగూ విప్పారు కాబట్టి పూర్తి ఓవర్‌హాల్ చేయించమనే నేను యజమానికి సలహా ఇస్తాను. ఆ అదనపు ఖర్చు బీమా భరిస్తుందా లేదా అన్నది పాలసీ చదివి ముందే తెలుసుకోవాలి.

(వెనక వరుస నుంచి ఒక పెద్దాయన: అయ్యా, పాత విమానం కొనేటప్పుడు లోపల ఇలాంటి దెబ్బ దాగి ఉందో లేదో ఎలా తెలుస్తుంది?)

మంచి ప్రశ్న వేశారు, బాబాయ్. ఇంజన్ లాగ్‌బుక్ ఒక్కటే చదివితే తెలియదు. ఇంజన్ లాగ్‌బుక్, ప్రొపెల్లర్ లాగ్‌బుక్, విమానం లాగ్‌బుక్ మూడింటినీ తేదీల ప్రకారం పక్కపక్కన పెట్టండి. గడువు రాకముందే ప్రొపెల్లర్ మార్చి ఉన్నా, మరమ్మతుకు పంపి ఉన్నా, ముందు చక్రం స్ట్రట్ మార్చి ఉన్నా, ఇంజన్‌ను కప్పే కౌలింగ్‌కు రేకు పని చేసి ఉన్నా, ఆ తేదీ దగ్గర ఆగి ఇంజన్ పుస్తకంలో ఏం రాశారో చూడండి. అక్కడ ఏమీ లేకపోతే ఎందుకు లేదని అడగండి. ప్రొపెల్లర్ సీరియల్ నంబరును రాసినదానితో కాక, హబ్ మీద కొట్టిన నంబరుతో సరిచూడండి. దెబ్బ పరీక్ష జరిగి ఉంటే ఎంట్రీలో ఏ తేదీన, ఎన్ని గంటల దగ్గర, ఏ వస్తువుకు తగిలింది, ఏ బులెటిన్, ఏ డైరెక్టివ్ ప్రకారం పరీక్షించారు, క్రాంక్‌షాఫ్ట్ పార్ట్ నంబరు, సీరియల్ నంబరు, అయస్కాంత కణ పరీక్ష నివేదిక నంబరు, మార్చిన భాగాల జాబితా, సంతకం చేసినవారి లైసెన్సు నంబరు ఉండాలి. "ఇంజన్ తనిఖీ చేశాం, బాగుంది" అని ఒక్క వాక్యం మాత్రమే ఉంటే, ఆ ఇంజన్‌ను విప్పలేదనే అనుకుని, విప్పడానికి అయ్యే ఖర్చును ధరలోంచి తగ్గించి బేరం మొదలుపెట్టండి.